ఎస్తేరక్క టెస్టులు, సారు తెచ్చిన పూలదండ

నిన్న పొద్దున గుమ్మడిదలలో డ్యూటీ బస్సు దిగుతుంటే ఫోన్. ఎస్తేరక్క భర్త. నేను బావా అని పిలుస్తాను.

"బామ్మర్దీ, మీ అక్క లేదుర ఇగ. గుండె ఆగిపాయె."

ఏ అక్క అని అడిగాను. నాకు ఉన్నది ఒక్క అక్కే. అయినా అడిగాను.

ఆమెను చూడని ఫ్రెండ్స్ కోసం రాస్తున్నాను.

ఎస్తేరక్క నాకు చుట్టం కాదు. మొదటి ఉద్యోగంలో పక్క సీటు. సంగారెడ్డిలో కిరాణా కొట్టు తప్ప ఏమీ తెలియని నాకు పని నేర్పిన మనిషి.

ఆమె చేసింది సింపుల్‌గా చెప్తాను. ఒక్క కంప్యూటర్ మోయలేనంత డేటాను చాలా కంప్యూటర్లకు పంచి, మధ్యలో కొన్ని ఆగిపోయినా తప్పు రాకుండా లెక్క తేల్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఫ్రీగా తీసుకుని వాడుకోవచ్చు. కానీ అవి సరిగ్గా పనిచేస్తున్నాయా అని చూసే టెస్టులు మాత్రం ఎవరికి వారే రాసుకునేవారు. ఒకరు రాసిందే ఇంకొకరు మళ్లీ రాయడం.

"వాడకట్టుకు ఒక్క నిచ్చెన సాలదా తమ్మీ? ఇంటికొకటి ఎందుకు?" అనేది.

ఏళ్ల తరబడి అందరికీ మెయిల్స్ పెట్టి, బతిమాలి, తిట్టి, ఆ టెస్టులన్నీ ఒక్క కిట్‌గా కూర్చింది. జీతం లేదు. ఆఫీసు అయ్యాక కొంచెం, ఆదివారం చర్చి అయ్యాక కొంచెం.

పటేల్‌గూడలో వాళ్ల ఇంట్లోనే ల్యాబ్. పటాన్‌చెరులో కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు, సగం ఇన్వర్టర్ మీద, సగం నేరుగా లైన్ మీద. కరెంట్ పోతే వీధి వీధంతా విసుక్కునేది. అక్క చప్పట్లు కొట్టేది.

"మంచిగైంది! సగం సచ్చినయ్. జల్దీ సూడు తమ్మీ, లెక్క సక్కగ వస్తుందా?"

వంటింట్లోంచి బావ అరుపు. "ఫ్రిజ్‌కు లేదు గని గా డబ్బాలకు ఇన్వర్టరా! పాలు ఇరిగినయ్!"

ఇప్పుడు అసలు సంగతి.

ఒక పెద్ద కంపెనీలో ఒక సారు ఉన్నాడు. పేరు రాయను. రాస్తే దానికీ లైకులు కొట్టించుకుంటాడు.

అక్క కిట్ మొత్తం తీసుకున్నాడు. తీసుకోవచ్చు, అది అందరిదీ. చేసినవాళ్ల పేరు ఉంచాలి, అదొక్కటే షరతు. ఆమె పేరు చెరిపేసి, కంపెనీ పేరు పెట్టి, స్టేజీ ఎక్కి శాలువా కప్పించుకున్నాడు.

అక్క ఫోన్ చేసి అడిగింది. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్ ఆన్‌లో ఉంది.

"మేడం, టెస్టింగ్ అంటే ఇల్లు ఊడ్చే పని. ఊడ్చినవాళ్ల పేరు గోడ మీద ఎవరైనా రాస్తారా?"

అక్క ఫోన్ పెట్టేసి కళ్లద్దాలు తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

"పోనీ తమ్మీ" అంది.

ఎందుకు పోనివ్వాలి? నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

ఈ పొద్దున సమాధుల తోటకు అదే సారు వచ్చాడు. మనిషెత్తు పూలదండ, వెనకాల ఫోటోగ్రాఫర్. పాస్టర్ గారి ప్రార్థన పూర్తవకముందే నా భుజం మీద చెయ్యి వేశాడు.

"కిట్‌లో మార్పులు చేసే యాక్సెస్ ఇప్పుడు నీ దగ్గరే ఉందట కదా? మా టీమ్‌కి ఇచ్చెయ్. ఆమె లెగసీ మేం చూసుకుంటాం."

బావ అప్పుడు మట్టి వేస్తున్నాడు.

"మట్టి ఎయ్యనియ్యి సార్. జెర ఆగు" అని చెయ్యి తీసేశాను.

ఇంటికి వచ్చి స్నానం కూడా చేయలేదు.

మధ్యలో ఏ మిషన్ ఆగిపోయినా ఒక్క రికార్డు కూడా పోదని ఆయన ఊరంతా డప్పు కొట్టిన వాళ్ల కంపెనీ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఉంది. దాన్ని దించి, అక్క టెస్టులు నడిపాను. లెక్క నడుస్తుండగా ఒక మిషన్ ఆపాను.

రికార్డులు పోయాయి. మళ్లీ నడిపాను. మళ్లీ పోయాయి. లెక్క తప్పు, పైన మాత్రం సక్సెస్ అని పచ్చ రంగులో మెసేజ్.

అక్కకు ఒక పద్ధతి ఉంది. ఎవరి సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరికినా ముందు వాళ్లకు గుట్టుగా చెప్పేది. సరిచేసుకోవడానికి టైమ్ ఇచ్చాకే బయట పెట్టేది. "ఇజ్జత్ అందరికుంటది తమ్మీ" అనేది.

నేను గుట్టుగా చెప్పలేదు. టైమ్ ఇవ్వలేదు. ఫలితం, ఎలా నడిపానో ఆ వివరం, అన్నీ నేరుగా పబ్లిక్ గ్రూపులో పెట్టేశాను. అన్నిటికంటే పైన, ఈ టెస్టులను కూర్చింది ఎస్తేరు అని రాశాను. చాలా హాయిగా అనిపించింది.

గ్రూపులో వాళ్లు నడిపి చూసి, మాకూ రికార్డులు పోయాయి అంటున్నారు. సారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఎత్తడం లేదు.

ఇప్పుడే మెసేజ్ వచ్చింది. "బ్రదర్, బయట పెట్టేముందు నాకు ఒక్క మాట చెప్పాల్సింది."

అలా చెప్పే మనిషి ఒకామె ఉండేది సార్. పొద్దున మీరు దండ వేసింది ఆమెకే.

అక్కా, నీకు ఇది నచ్చదని తెలుసు. తిట్టాలనిపిస్తే లేచి రా.

రాలేవు కదా. సరే, పడుకో. దేవుడి దగ్గర నీకు శాంతి దొరకాలి. ఆ సారుకి మాత్రం వద్దు.