క్వీన్‌స్టన్ గట్టు మీద పద్మక్కకు చెప్పిన మాట

మా అమ్మాయి నిత్య ఏడో గ్రేడ్. "ఒకే దేశమని చెప్పుకున్న అమెరికన్లు కెనడా మీద చేసిన 1812 యుద్ధంలో ఎందుకు ఒక్కటిగా నిలబడలేదు?" అని స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారు. చదివితే బుర్రకెక్కదు, యుద్ధం జరిగిన చోటికే పోదాం అన్నా. మా కారు సర్వీసింగ్‌లో ఉంది. భీమవరం పద్మక్కకు ఫోన్ చేస్తే "నేను డ్రైవ్ చేస్తాలే, పులిహోర కూడా తెస్తా" అంది. సరే అన్నా గానీ మనసొప్పలేదు. ఎందుకంటే ట్రిప్ శనివారం, మర్నాడు ఆదివారం మా తెలుగు సంఘం మీటింగ్. తెలంగాణ వాళ్ళం విడిగా సంఘం పెట్టుకుంటామన్న లెటర్ మీద పదకొండు సంతకాలున్నాయి, ఒకటి నాది. మూడేళ్ళ కింద సంఘం తరఫున బతుకమ్మ చేయాలని తన ఆంధ్రా వాళ్ళతోనే గొడవపడి మా వైపు నిలబడింది ఈ పద్మక్కే. వాళ్ళల్లో కొందరు ఆవిడతో ఇప్పటికీ మాట్లాడరు. లెటర్ సంగతి ఆవిడకు తెలియదు.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు కెనడాలో మేముండే బ్రాంప్టన్‌లో బయల్దేరాం. 410, 403 హైవేల మీదుగా క్యూఈడబ్ల్యూ హైవే ఎక్కి, సెయింట్ కాథరిన్స్ దాటాక 405 పట్టుకోవాలి. ట్రాఫిక్ లేకపోతే గంటన్నర. హామిల్టన్ దగ్గర ఇరుక్కుని మాకు రెండు గంటలు పట్టింది. రోడ్డు పక్క పసుపు పూలు కనపడ్డప్పుడల్లా "సరితా, బతుకమ్మకు తంగేడు బదులు ఇవి కోసుకుందామా ఈసారి?" అని పద్మక్క. నేను ఊఁ కొడుతూ కూర్చున్నా. సిగ్గేసింది.

క్వీన్‌స్టన్ హైట్స్ పార్కుకు టికెట్ లేదు. పార్కింగ్ రేటు, అక్కడున్న యుద్ధ స్మారక స్తంభం ఎక్కే ఫీజు మాత్రం సీజన్‌ని బట్టి మారతాయట, బోర్డు చూసుకోండి. కింద నయాగరా నది, అవతలి ఒడ్డు న్యూయార్క్ రాష్ట్రం. ఇంత సన్నటి నది కోసమా యుద్ధం అనిపించింది. అక్కడ వాలంటీరుగా ఉన్న పెద్దాయనను నిత్య తన ప్రశ్న అడిగింది.

"యుద్ధం కావాలన్నది ఎక్కువగా దక్షిణాది, పడమటి వాళ్ళు. ఈశాన్య రాష్ట్రాల వర్తకులకు ఓడల వ్యాపారం పోతుందని భయం. జెండా ఒకటే, ఎవరి లెక్క వాళ్ళది" అన్నాడాయన. "ఇక్కడైతే కొంతమంది అమెరికన్ సైనికులు తెల్లవారకముందే పడవల్లో నది దాటి ఈ గట్టు పట్టుకున్నారు. సాయం రమ్మంటే అవతలున్న న్యూయార్క్ మిలీషియాలో, అంటే ఆ రాష్ట్రపు సొంత దళంలో, చాలామంది కదల్లేదు. మా రాష్ట్రాన్ని కాపాడటమే మా డ్యూటీ, సరిహద్దు దాటం అన్నారు."

"అమ్మా, దే జస్ట్ వాచ్డ్?" అంది నిత్య.

"మరి దాటినవాళ్ళో?" అనడిగింది పద్మక్క.

"సాయంత్రం కాకముందే లొంగిపోయారు."

"పాపం, వెనకాల వస్తారనేగా దాటింది" అంది పద్మక్క, పులిహోర డబ్బా మూత తీస్తూ.

ఇక నావల్ల కాలేదు. నిత్య ఫోటోలకని అటు వెళ్ళగానే లెటర్ సంగతి మొత్తం చెప్పేశా. పద్మక్క పులిహోర డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది. "రెండు గంటలు నాతో డ్రైవ్ చేయించుకుని ఇప్పుడు చెప్తున్నావా?" అంది.

"పేరు తీసేస్తా అక్కా."

"నా కోసం తియ్యకు. నీకు తప్పనిపిస్తేనే తియ్యి."

తిరిగొచ్చేటప్పుడు కార్లో నిత్య ఒక్కతే మాట్లాడింది.

విడిగా ఉండాలనుకోవడం తప్పని నేను ఇప్పటికీ అనను. మా భాషకు, మా పండగకు జాగా కావాలి. కానీ నన్ను నమ్మి వచ్చిన మనిషికి చెప్పకుండా సంతకం పెట్టా చూడండి, అది తప్పు. ఈ ట్రిప్ వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: 405 మీద నది బ్రిడ్జికి ముందొచ్చే చివరి ఎగ్జిట్ మిస్ అవకండి, మిస్ అయితే నేరుగా అమెరికా బార్డర్లో తేలతారు.

ఆదివారం మీటింగ్‌లో లేచి నా పేరు కొట్టేయమన్నా. మావాళ్ళు పదిమందీ మొహం తిప్పుకున్నారు. సంఘం ఎలాగూ రెండైంది. కూర్చుందామని చూస్తే, నా కుర్చీలో అప్పటికే ఎవరో కూర్చున్నారు. హాలు అవతలి వైపు పద్మక్క, పక్క కుర్చీ మీద నుంచి తన హ్యాండ్‌బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.