తాతగారి బల్బు, సర్వర్ బ్యాటరీ

మా వంశపు దస్తావేజుల నకళ్ళన్నీ స్కాన్ చేసి, ఇంట్లో లినక్స్ సర్వర్‌లో దాచాను. పొలాలు ఎలాగూ మిగల్లేదు. కరెంటు పోతే ఫైళ్ళు పాడవకుండా, సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగిపోయేలా యూపీఎస్ అమర్చాను. పరీక్షకని మెయిన్ ఆపితే, సర్వర్ ఆగేలోపే బ్యాటరీ అయిపోయింది. జమీందారు తాతగారి పటం మీది రెండొందల వాట్ల బల్బునూ నేనే ఆ యూపీఎస్‌కి ముందే తగిలించి ఉంచాను మరి. ఆ బల్బు ఆరకూడదని మా ఇంటి నియమం.

“బ్యాటరీ పటానికా, పెట్టెకా? ఏదో ఒకటి తేల్చండి,” అంది మా ఆవిడ.

“జమీందారు చీకట్లో కూర్చోవడమేంటి?”

“పొలాలు అమ్మినప్పుడు వెలుగులోనే కూర్చున్నారు కదండీ.”

బల్బు తీసేసి, బ్యాటరీ నిండాక మళ్ళీ మెయిన్ ఆపాను. సర్వర్ మర్యాదగా సెలవు తీసుకుంది. తాతగారు చీకట్లోనే ఉన్నారు, మీసం మాత్రం దించలేదు.