చెరిపేసిన కూనిరాగం

దెయ్యాలంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. మా ఆఫీసులో ఎవరైనా ఆ కథలు మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని లేచి పోయేవాణ్ణి. ఇప్పుడు నేనే ఒకటి చెప్పాల్సి వస్తోంది, నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో నా ఉద్యోగం. పొద్దున షిఫ్టు అయ్యాక ఇంట్లో రాక్ పాటలు రాసి, గిటార్ వాయించి, నేనే రికార్డు చేసుకుంటాను. నా పాటలు వినేవాళ్ళు పదకొండు మంది, అందులో నలుగురు చుట్టాలు.

సాతంరాయిలో అంజమ్మగారింట్లో పై గది కిరాయికి తీసుకున్నాను. కింద ఆమె ఒక్కతే ఉంటుంది. గది గోడలకు శబ్దం తగిలి మోగుతోందని చెబితే పాత బొంతలు మూడు ఇచ్చింది. మేకులు కొట్టి మైకు వెనకాల వేలాడదీశాను.

పాట మొదలుపెట్టే ముందు అర నిమిషం ఊరికే నిశ్శబ్దం రికార్డు చేయడం నాకు అలవాటు. గదిలో సహజంగా ఉండే చప్పుడేదో అందులో దొరుకుతుంది. దాన్ని చూపిస్తే కంప్యూటర్ మొత్తం పాటలోంచి ఆ చప్పుడు తీసేస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం మూడవుతోంది. కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, ఒక విమానం వెళ్ళిపోయేదాకా ఆగి రికార్డింగ్ నొక్కాను. తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఆ అర నిమిషంలో ఎవరో ఆడమనిషి కూనిరాగం తీస్తోంది. దూరం నుంచి కాదు, మైకు పక్కనే. మధ్యలో ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది.

కిటికీ తెరిచి చూశాను. ఒక పక్క ఖాళీ ప్లాటు, ఇంకో పక్క ఎవరూ చేరని కొత్త ఇల్లు. అంజమ్మ పొద్దున్నే మహేశ్వరం వెళ్ళింది, కింద తాళం వేసి ఉంది. నా ఫోన్ ఆపేసి ఉంది. భయం కాదు, విసుగొచ్చింది. ఎక్కడిదో టీవీ మైకులో పడిందనుకున్నాను.

రాగం మాత్రం భలే ఉంది. రెండు చరణాల మధ్య అదే గిటార్ మీద వాయించాను. ఆ గొంతును చప్పుడు కిందే లెక్కేసి పాటంతా శుభ్రం చేశాను. లాప్‌టాప్‌లో చోటు లేక అసలు రికార్డింగును పూర్తిగా చెరిపేశాను.

మర్నాడు ఆ పాట పెట్టుకుని వింటుంటే బట్టలు ఆరేయడానికి పైకొచ్చిన అంజమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

“గిది నీకెట్ల తెల్సు బిడ్డా?” అంది.

ఏది అన్నాను. గిటార్ ముక్క మళ్ళీ పెట్టమంది. విని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

“మా సుజాత మిషన్ కుట్టుకుంట గిదే తీస్తుండె. గది పాట గాదు, మాటల్లేవు. అది సొంతంగ పెట్టుకున్నది.”

సుజాత ఆమె ఒక్కగానొక్క కూతురు. నేను ఆ ఇంటికి రాకముందే జ్వరమొచ్చి దవాఖానలో పోయిందట. ఫొటోలున్నాయి గానీ గొంతు ఏ ఫోన్‌లోనూ లేదట. మైకు వెనక బొంతల్లో ఒకదాన్ని చూపించి, అది సుజాత చీరలతోనే కుట్టానని చెప్పింది.

జరిగింది దాచబుద్ధి కాలేదు, చెప్పేశాను. ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది.

“గొంతున్నదా? జర వినిపియ్యి బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత.”

తీసేశానమ్మా అన్నాను. ఎందుకు తీసేశావని అడిగితే చప్పుడనుకున్నానని అన్నాను. నా చేతులు విరిగిపోతే బాగుండుననిపించింది. చెరిపేసిన ఫైళ్ళను తిరిగి రాబట్టేవాళ్ళ దగ్గరికి లాప్‌టాప్ తీసుకెళ్ళాను. దొరకలేదు.

ఆ బొంతను ఆమె చేతికిస్తే తీసుకోలేదు. “ఉండనియ్. మల్ల పాడితే తీసెయ్యకు,” అంది.

అది జరిగి ఎనిమిది నెలలైంది. ఆ రాగం ఎక్కడినుంచి వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. దెయ్యాలను నమ్ముతావా అంటే ఇప్పటికీ నమ్మననే అంటాను. అయినా రోజూ అర నిమిషం నిశ్శబ్దం రికార్డు చేస్తున్నాను. సాయంత్రం అంజమ్మ మెట్ల కింద నిలబడి, “ఇయ్యాల ఏమన్న వచ్చిందా బిడ్డా?” అని అడుగుతుంది. లేదమ్మా అని చెప్పి, ఆ అర నిమిషాన్ని మాత్రం చెరపకుండా దాచిపెడతాను.