ముజఫర్ సారు గాలిగీత

ఎవరైనా చెప్పిందే మళ్ళీ చెబితే ముజఫర్ సారు వేలు ఊరుకోదు. చూపుడువేలు లేచి ఆ మనిషి తలకు జానెడు ఎత్తున గాలిలో అడ్డగీత గీస్తుంది. "బార్ వేసినాను. ఇంక చెప్పబాకండి, అర్థమైపోయింది" అంటాడు. ఉదయగిరి హైస్కూల్లో లెక్కల మాస్టారు మరి. ఒకటిని మూడుతో భాగిస్తే సున్నా పాయింట్ మూడు మూడు మూడు అంటూ తెల్లారేదాకా మూడే వస్తుంది. ఒక్క మూడు రాసి దాని నెత్తిన బార్ అనే అడ్డగీత పెడితే మిగతా మూళ్ళన్నీ అందులో ఉన్నట్టే. ఇంత సుఖం లెక్కలకే ఎందుకు, మనుషులకు మాత్రం వద్దా అని ఆయన వాదన.

అదే బళ్ళో తెలుగు చెప్పే రేణుకాదేవి ఆత్మకూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది. బస్సు ఆలస్యమైందని చెప్పబోతే "బ" దగ్గరే వేలు లేచేది. హెడ్మాస్టరు నారాయణయ్య ప్రేయర్లో క్రమశిక్షణ అందుకుంటే వెనక వరుసలో గీత పడేది. ఇంట్లో భార్య సుగ్రాబీ గ్యాస్ అయిపోయిందని రెండోసారి అన్నా గీతే. "గీత గీస్తే సిలిండర్ రాదు, పోయి తెండి" అందామె. ఆ మాటను కూడా ఆమె అంతకుముందే అనివుంది కాబట్టి, దాని మీదా ఒకటి గీసి వెళ్ళి తెచ్చాడు.

పిల్లలకు అంతకంటే ఏం కావాలి? ఏడాది తిరక్కుండా బడంతా గాలిలో గీతలే.

ఒకరోజు ఆటో తోలే తిరుపాలు నేరుగా స్టాఫ్ రూముకే వచ్చాడు.

"సార్, మీరు పిల్లకాయలకు ఏంది చెప్తుండేది? మావాడు చుక్కలొద్దు, బార్ ఉండాల అంటున్నాడు."

"నేనే చెప్పినాను. చుక్కలు పెట్టేది సోమరితనం. బార్ వేస్తేనే మార్కులు."

"నేను చుక్క మానేసి ఆర్నెల్లయింది సార్. నమాజు చేసే మనిషి, మీరు వాడికి బార్ నేర్పిస్తారా?"

సారు సుద్దముక్క అందుకుని, మూడు తర్వాత పెట్టే చుక్కలేమిటో, మూడు మీద వేసే బార్ ఏమిటో అరగంట చూపించాడు. తిరుపాలు గడప దాటుతూ, "అయితే తాగేది కాదు గదా" అని ఇంకోసారి అడిగి గీత వేయించుకుని మరీ వెళ్ళాడు.

రేణుకాదేవికి మాత్రం ఒళ్ళు మండేది. మనిషి మాట పూర్తికాకుండా అడ్డుపడటం ఏం మర్యాద? అన్నిటికంటే ఆమె బాధ అంజలి గురించి. నిరుడు సీతారామపురం నుంచి వచ్చి తొమ్మిదిలో చేరిన ఆ పిల్లకు నత్తి. మొదటి అక్షరం పట్టుకుంటే వదలదు. కొత్తల్లో క్లాసంతా నవ్వితే, ఇంక బడికి రానని వారం రోజులు ఇంట్లో కూర్చుంది. తిరిగొచ్చాక ఆ పిల్లకూ సారు జబ్బే అంటుకుంది. మాట చిక్కుకున్నప్పుడల్లా గాలిలో గీత గీసుకుని ముందుకు పోతుంది.

ఆత్మకూరులో లెక్కల పోటీకి సారు అంజలినే ఎంచాడు. జవాబులు మైకులో చెప్పాలి.

"మీకు మతుండాదా సార్? అంతమంది ముందర నవ్వితే ఆ పిల్ల ఇంక బడి మొహం చూడదు. మొన్న కూడా ఇదే చెప్పినాను."

మొన్న కూడా అనేసరికి వేలు లేచింది. రేణుకాదేవి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

పోటీలో ఆఖరి ప్రశ్న అంజలిదే. "ఐదును ఆరుతో భాగిస్తే?" అన్నాడు న్యాయనిర్ణేత మోహన్‌కృష్ణ.

"సున్నా పాయింట్ ఎ... ఎ... ఎ..."

హాల్లో కిసకిసలు మొదలయ్యాయి. చూడటానికి వచ్చిన బడి పిల్లల మధ్య కూర్చున్న రేణుకాదేవి కుర్చీ అంచుకు జరిగింది. అంజలి చెయ్యెత్తి ఒక గీత గీసి, "ఎనిమిది, మూడు" అని, ఇంకో గీత గీసింది. ఉదయగిరి పిల్లలు ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళకది రోజూ చూసేదే. వీళ్ళు ఇంత మామూలుగా కూర్చునేసరికి నవ్వేవాళ్ళకే మొహమాటమై మానుకున్నారు.

"రెండు గీతలు గీసినావు. బార్ దేని మీదమ్మా? ఎనిమిది కూడా తిరిగొస్తుందంటే తప్పు" అన్నాడు మోహన్‌కృష్ణ.

"ఎనిమిది మీద గీత నాది సార్. మూడు మీద గీత లెక్కది."

ముందు మోహన్‌కృష్ణే నవ్వాడు. తర్వాత హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. మొదటి బహుమతి ఉదయగిరికే వచ్చింది.

రేణుకాదేవికి అప్పుడు వెలిగింది. అంజలి బడి మానేసి తిరిగి వచ్చేదాకా ఈ మనిషి నల్లబల్ల మీద తప్ప ఎక్కడా గీత గీసిన పాపాన పోలేదు. ఆ పిల్ల ఒక్కతే గీసుకుంటే వింత. హెడ్మాస్టరు మీదా, కట్టుకున్న భార్య మీదా, తిరుపాలు మీదా పడుతుంటే ఎవరికి వింత? తన మీద పడినవన్నీ తలచుకుంటే ఆమెకు సిగ్గూ వేసింది, కడుపూ నిండింది.

ఆత్మకూరు తన ఊరే కాబట్టి, వాళ్ళను ఉదయగిరి బస్సెక్కించడానికి బస్టాండుదాకా వచ్చి అడిగింది. "ఇదంతా ఆ పిల్ల కోసమేనా సార్?"

"మీరు మరీను, టీచర్. నాకు పిచ్చి, ఊరంతా తెలుసు గదా."

అవతల అంజలి తన గెలుపు కథ టీ అంగడాయనకు చెప్పింది, కండక్టరుకు చెప్పింది, అరటిపండ్లామెకు చెప్పింది. ఆఖరికి అక్కడే ఉండి అంతా చూసిన సారుకూ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. ఆయన రెండు చేతులూ చంకల్లో దోపుకుని, కళ్ళు పెద్దవి చేసి విన్నాడు.

"ఊఁ, తర్వాత ఆయనేమన్నాడు?" అని అడిగాడు.