కట్ట లేని చెరువు

ఆసిఫాబాద్‌లో టిఫిన్ దగ్గర మా అన్న నన్ను అడగకుండా నాకు ఇడ్లీ చెప్పాడు. ఉన్నది ముగ్గురమే: అన్న, వదిన, నేను. ఏం కావాలన్నట్టు హోటలాయన నా వైపు కూడా చూశాడు. నేను నోరు తెరిచేలోపే అన్న, "దానికేంది, ఏది పెట్టినా తింటది" అన్నాడు. నాకు ఇడ్లీ సయించదని ఆయనకు మా అవ్వ బతికున్న రోజుల నుంచీ తెలుసు. నేను పళ్ళెం ముట్టుకోలేదు. ఛాయ్ కూడా తాగలేదు. నా ఇడ్లీలు కూడా ఆయనే తిన్నాడు.

కరీంనగర్‌లో బయలుదేరినప్పుడే ముందు సీటు వదినకు పోయింది. నాకు వెనక సీటు, ఒళ్ళో సీతాఫలాల గంప. బొగ్గుబావి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక అన్న కొన్న కారు అది. ఆదిలాబాద్ గుట్టలన్నీ తిరిగి, చివరికి వేములవాడలో మొక్కు చెల్లించి ఇల్లు చేరాలని ఆయన ఆలోచన. నేను ఒప్పుకున్నది మాత్రం ఒక చెరువు కోసం.

మా బాపు కూడా బావిలోనే పనిచేశాడు. కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నా బడి రోజుల్లో, వానలు తగ్గాక ఒక ఆదివారం, క్వార్టర్ల వాళ్ళమంతా లారీలో కెరమెరి గుట్టలకు వంటలకు పోయాం. గుట్ట మీద చెరువు ఉందట, చూసి వస్తామని అన్న, ఆయన దోస్తులు లేచారు. నేనూ చెప్పులు వేసుకున్నాను. అన్న నా చేతిలో గరిటె పెట్టి కోడికూర అడుగంటకుండా చూడమన్నాడు. ఆడపిల్లవు, ఎక్కలేవని కూడా అన్నాడు.

వాళ్ళు తడి తలలతో తిరిగి వచ్చినప్పుడు కూర ఇంకా పొయ్యి మీదే ఉంది. నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి, ఎంత లోతు, అంత ఎత్తుకు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి అని కూర కలుపుతూనే అడిగాను.

"పోతే తెలుస్తది" అన్నాడు అన్న. దోస్తులు నవ్వారు.

ఆ తర్వాత ప్రతి పెళ్ళిలో, ప్రతి దావత్‌లో ఆ చెరువు ముచ్చట చెప్పాడు. కట్ట మీద కూర్చున్నారట, కట్ట మీది నుంచి నీళ్ళలోకి దునికారట. నేను అడిగినవాటికి మాత్రం ఎన్నడూ జవాబు చెప్పలేదు. గుట్ట నెత్తిన నీళ్ళు ఎట్లా నిలుస్తాయో నా కళ్ళతో చూడాలని నాకు అప్పటి నుంచీ ఉంది.

కెరమెరి ఘాట్ రోడ్డు ఎక్కాక ఒక మలుపు దగ్గర కారు ఆపించాను. అన్నకు మోకాళ్ళ నొప్పులు. తాను చూసిందే కదా, కారు దగ్గరే ఉంటానన్నాడు. సగం దారిలో మర్లి వస్తావని కూడా అన్నాడు. వదిన తోడు వస్తానంది కానీ ఆమె చెప్పులు గుట్టకు పనికివచ్చేవి కావు. నీళ్ళ సీసా పట్టుకుని ఒక్కదాన్నే బయలుదేరాను.

దారి పశువులు వేసినదే. రెండు పక్కలా టేకు చెట్లు, విస్తరంత ఆకులు. గాలి లేకపోయినా అక్కడక్కడ ఒక్క ఆకు మాత్రం ఊగుతూ ఉంటే, దాని కింద ఏముందోనని ఆగి చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు. కాలి కింద నల్లరాళ్ళు ఎవరో పేర్చినట్టు పలకలు పలకలుగా ఉన్నాయి. ఒక రాయి తిప్పి చూస్తే అడుగు తడిగా ఉంది. వాన పడి చాలా రోజులైంది, మరి ఆ తడి ఎక్కడిది? ఆకలి సంగతి మరిచిపోయాను. ఇడ్లీ సంగతి మాత్రం మరవలేదు.

మధ్యాహ్నానికి కొంచెం ముందు నీళ్ళు కనిపించాయి. చిన్న మట్టికట్ట, దాని వెనక బురదనీళ్ళు, నీళ్ళలో బర్రెలు. కట్ట మీద కూర్చున్నాను. ఇన్ని పెళ్ళిళ్ళలో విన్నది దీని గురించేనా అని ఏడుపు వచ్చినంత పనైంది. నీళ్ళ రంగు గురించి ఆయన ఎందుకు చెప్పలేదో కూడా తెలిసినట్టే అనిపించింది.

కట్ట కింద గడ్డి కోస్తున్న ఒకామె కొడవలి ఆపి నన్ను చూసింది. ఆ గుట్ట కింది గూడెం మనిషి, నా వయసుదే. ఎక్కడి నుంచి వచ్చావని అడిగింది. చెప్పాను. తర్వాత అడిగింది:

"తిన్నవా అక్కా?"

మా వైపు ఈ మాట ఎవరు అడిగినా, కడుపులో ఏమీ లేకున్నా, తిన్నానని చెప్పి ముందుకు పోతాం. ఆ రోజు నాకు అట్లా చెప్పబుద్ధి కాలేదు.

"ఎక్కడ తిన్న? మా అన్న నన్ను అడగకుంటనే ఇడ్లీ చెప్పిండు. ముట్టలే."

ఆమె నవ్వి, "మంచిగయింది. అయితే పైకి పో" అంది.

పైన ఏముందని అడిగాను.

"చెరువు. గిది బర్ల కుంట."

పైన దేవుడి జాగా ఉందని, ఆ రోజు తిన్నవాళ్ళెవరూ పైకి పోకూడదని, అది తమ గూడెం పద్ధతని చెప్పింది. చెప్పులు కుంట దగ్గరే విడిచి పోవాలి. నీళ్ళు దోసిలితో తాగవచ్చు, కాలు మాత్రం పెట్టవద్దు. తిన్నవాళ్ళు వస్తే ఏం చేస్తారని అడిగాను. మనసు కష్టపెట్టడం ఎందుకని, కుంట చూపించి ఇదే చెరువని చెప్పి పంపిస్తారట.

చెప్పులు విడిచి పైకి ఎక్కాను. దారి అక్కడి నుంచి నిటారుగా ఉంది. రాళ్ళు అరికాళ్ళకు చల్లగా తగిలాయి. బండల నడుమ నుంచి తల పైకెత్తేసరికి చెరువు నా కళ్ళ ఎత్తులో ఉంది.

నేను మొదట వెతికింది కట్టను. మా వైపు చెరువంటే కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, నిండితే నీళ్ళు పోవడానికి మత్తడి ఉంటుంది. ఎవరో తవ్వితేనే, పోస్తేనే చెరువు. దీనికి ఏదీ లేదు. చుట్టూ తిరిగాను. నల్లబండలు గిన్నె అంచులాగా నీళ్ళను పట్టి ఉన్నాయి. ఒడ్డున నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున రాలిన ఆకుల ఈనెలు కూడా కనిపించాయి. నడుమ మాత్రం నలుపు. లోతు ఎంతో తెలియలేదు. ఒక మూల బండల సందులో చెవి పెడితే నీళ్ళు కిందికి జారుతున్న చప్పుడు వినిపించింది. దారిలో రాయి కింద చూసిన తడి ఇదే. మరి పైకి ఎక్కడి నుంచి వస్తున్నాయి? అంతకంటే ఎత్తైన చోటు చుట్టుపక్కల లేదు. దోసిలితో తాగాను. నీళ్ళకు రాయి వాసన ఉంది. చాలాసేపు కూర్చున్నాను కానీ దాని జవాబు మాత్రం దొరకలేదు.

కిందికి వచ్చేసరికి అన్న కారు డోరు తెరిచి కాళ్ళు బయట పెట్టి కూర్చున్నాడు.

"చూసినవా చెల్లె? కట్ట మీద కూసున్నవా?"

"చెరువుకు కట్ట లేదు అన్నా."

ఆయన నవ్వబోయి ఆగాడు. వంటలకు వచ్చిన ఆ ఆదివారం మీరు పైకి పోతుంటే ఎవరైనా కలిశారా అని అడిగాను. ఆలోచించి, ఒక ముసలాయన కలిశాడన్నాడు. ఆయన ఏమడిగాడన్నాను.

"తిన్నరా అన్నడు. తిన్నమన్నం. ఎవలడిగినా గంతే గద."

"మీరు తినలే. కూర నా ముందట ఉడుకుతుండె."

గడ్డి కోసే ఆమె చెప్పిన పద్ధతి, బర్రెల కుంట సంగతి అంతా చెప్పాను. మొదట వదిన నవ్వింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ కట్ట ముచ్చట వింటున్నానని, ఇంతకాలం బర్రెల కుంట గురించి విన్నానా అని అడిగింది. అన్న లేచి గుట్ట వైపు చూశాడు. మోకాళ్ళ మాట ఎత్తలేదు. ఎంత దూరం ఉంటుందన్నాడు.

"నువ్వు పొద్దున తిన్నవు. నాయి గూడ తిన్నవు" అన్నాను.

ఉట్నూరు దాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు. నీళ్ళు ఏ రంగు, ఎంత లోతు, కట్ట లేకుండా ఎట్లా నిలిచాయి అని. నేను గంప ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, పోతే తెలుస్తది అన్నాను. వదిన వెనక్కి తిరిగి నన్ను చూసింది.

రాత్రి ఉట్నూరులో ఉన్నాం. పొద్దున వేములవాడకు పోవాలి. టిఫిన్‌కు కూర్చున్నప్పుడు హోటలాయన వచ్చి ఏం కావాలన్నాడు. అన్న ఏమీ చెప్పలేదు. ఛాయ్ కూడా వద్దన్నాడు. మంచినీళ్ళు మాత్రం తాగి, వేములవాడ రేపు పోదాం, వచ్చిన దారినే వెనక్కి తిప్పుతానన్నాడు.

నేను నాకు పూరీ చెప్పుకున్నాను. వదినను ఏం తింటావని అడిగి ఆమెకు దోసె చెప్పాను. కడుపు నిండా తిని, సీతాఫలాల గంప వెనక సీట్లో పెట్టి, ముందు సీట్లో కూర్చున్నాను.