గేటు బోర్డు మీద దుమ్ము అంకె

మాచర్లలో మా పక్కింటి మెకానిక్ మామ మొన్న శుక్రవారం పోయారని అక్కయ్య ఫోన్ చేసి చెప్పింది. నేను చేరేసరికి ఖననం అయిపోయింది. ఆయనతో నేను ఒకసారి అబద్ధమాడాను. క్షమాపణ చెప్పుకోలేదు.

ఎనభైల్లో నేను ఊరి బయట సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తాను. భోపాల్ గ్యాసు వార్తలు విన్నాక జనం భయపడి, మన గాలి మాటేమిటని అడగడం మొదలుపెట్టారు. మేనేజరు గేటు దగ్గర నల్లబోర్డు పెట్టించి, గాలిలో దుమ్మెంతో రోజూ రాయించాడు. రాసేది నేనే. అంకె ఎప్పుడూ హద్దు లోపలే ఉండేది. ఊరు కుదుటపడింది. మామ మాత్రం నమ్మలేదు. కొత్త స్పేరు పార్టును కూడా గోటితో గీకి చూసే మనిషి ఆయన.

ఒక సాయంత్రం నన్ను షెడ్డులోకి పిలిచారు. బల్ల మీద రెండు లారీల ఎయిర్ ఫిల్టర్లు, ఇంజన్లోకి పోయే గాలిని వడకట్టేవి, ఉన్నాయి.

"ఇది క్రోసూరు వైపు తిరిగే బండిది. ఇది మీ గేటు ముందు నించి పోయేది. రెండూ ఒకే రోజు బిగించా. చూడు."

రెండోది బూడిదరంగుకు తిరిగి గట్టిపడిపోయింది.

"ఆ నంబరు మిషన్ చూసి రాస్తన్నావా అల్లుడూ, ఎవరన్నా చెప్తే రాస్తన్నావా?"

దుమ్ము కొలిచే మిషన్ పాడై నెలలైంది. మేనేజరు చీటీ మీద పంపిన అంకెనే నేను బోర్డెక్కించేవాణ్ణి.

"చూసే మామా," అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుని, రెండు ఫిల్టర్లనూ జాగ్రత్తగా పక్కన పెట్టారు.

మర్నాడు ఆ ఫిల్టర్లు షెడ్డు ముందు వేలాడాయి. కింద అట్టముక్కల మీద బిగించిన తేదీ, తిరిగిన దారి. ఫ్యాక్టరీ లారీలు ఆయన దగ్గరికి రావడం మానేశాయి. ఎవరో డబ్బిచ్చి చేయిస్తున్నారని ఊళ్ళో అన్నారు. నాకూ ఆ అనుమానం కలిగింది. అలా అనుకుంటే నాకు తేలిగ్గా ఉండేది మరి.

"ఫ్యాక్టరీ మూస్తే మనమేం తింటాం?" అని టీకొట్టాయన మామను నిలదీశాడు.

"మూయమన్లా. ఉన్నది రాయమన్నా. నలుగురూ చూస్తే ఫ్యాక్టరీవాళ్ళే బాగుచేస్తారు."

ఆ ఏడాది గుంటూరు వ్యాపారులు దుమ్ము పట్టిన మా మిరపకాయల్ని వద్దన్నారు. రైతులు ఫిల్టర్లు చూసి, తిన్నగా గేటు దగ్గరికొచ్చి మిషన్ చూపించమన్నారు. మేనేజరు నావైపు తిరిగి, "నువ్వే చెప్పు," అన్నాడు. గుంపు చివర మామ నిలబడి ఉన్నారు.

"మిషన్ పనిచెయ్యట్లేదు," అన్నాను.

నా ఉద్యోగం పోయింది. మామ ఇంటికొచ్చారు.

"రేపట్నించి షెడ్డుకి రా. ఏ బండికేం చేశామో రాద్దువుగాని. చూసి రాయి."

అంతే. ఆనాటి అబద్ధం ఊసు మళ్ళీ ఎత్తలేదు.

మిషన్ బాగైంది. బోర్డు మీద అసలు అంకె చూసి ఊరు హడలిపోయింది. దుమ్మును బయటికి పోకుండా పట్టి ఆపే యంత్రాలు ఫ్యాక్టరీ తెచ్చింది. అంకె మెల్లగా దిగింది. ఫ్యాక్టరీ మూతపడలేదు. వ్యాపారులు మళ్ళీ వచ్చారు, ఆ రోడ్డు మీదే మిరప గోదాములు లేచాయి, ఆడవాళ్ళకు తొడిమలు తీసే పని దొరికింది.

ఆ తర్వాత ఒక వేసవి ఉదయం రోడ్డు పక్క మిరప కళ్ళాలన్నీ ఎర్రగా ఉన్నాయి. రైతులు నవ్వుతూ మామను పిలిచారు. ఆయన వంగి ఒక కాయ తీసుకుని, తెల్ల రుమాలుకేసి గట్టిగా రుద్ది, ఆ రుమాలును ఎండకెత్తి ఇటూ అటూ తిప్పి చూస్తూ నిలబడ్డారు.