అయిదు నోటుబుక్కుల డేనిష్ క్లబ్బు

మా అంకుల్ పోయారన్న కబురు నాకు ఆఫీసులో తెలిసింది. సిడ్నీ శివారు పారమట్టాలో మా బిల్డింగు నాలుగో అంతస్తులో మీటింగుకి వెళ్లబోతుంటే ఫోను మోగింది. ఆంటీ చేశారు. "పొద్దున్నే నమాజు చేసుకుని, కుర్చీలో కూచుని టీ అడిగారు బాబూ. నేను పెట్టుకొచ్చేలోపు వెళ్లిపోయారు" అన్నారు. ఆవిడ గొంతులో ఇంకా ఏడుపు రాలేదు, నమ్మలేనితనమే ఉంది. నేను మీటింగు సంగతి మర్చిపోయి మెట్లన్నీ దిగి స్టేషనుకి వెళ్లిపోయాను. లిఫ్టు ఉందని రైలెక్కాక గుర్తొచ్చింది.

అంకుల్ నాకు చుట్టం కాదు. టూంగాబీలో వాళ్ల ఇంటి పెరట్లో ఉన్న చిన్న గదిలో నేను అద్దెకుండేవాడిని. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వై టూ కే భయం పేరు చెప్పి హైదరాబాదు నుంచి కట్టలు కట్టలుగా దిగిన ప్రోగ్రామర్లలో నేనొకణ్ణి. ఆయనది కాకినాడ, పని ఫిట్టరు. భార్యాభర్తలిద్దరూ ఉర్దూలో మాట్లాడుకునేవారు, నాతో మాత్రం అచ్చమైన గోదావరి తెలుగు. మునిసిపల్ బడిలో తెలుగు మీడియం చదువుకున్న మనిషి కాబట్టి కూరగాయల చీటీ దగ్గర్నుంచి కలలో కనిపించిన సంగతి దాకా ఏది రాసుకున్నా తెలుగులోనే రాసుకునేవారు.

గదిలో దిగిన మొదటి రోజున, క్రికెట్ చూస్తావా ఫుట్‌బాల్ చూస్తావా అని అడిగారు. నేను ఉత్సాహంగా క్రికెట్ అన్నాను. ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "సర్లే, అద్దె టైముకి ఇస్తే చాలు" అన్నారు. ఆ వారమంతా నాతో పెద్దగా మాట్లాడలేదు. ప్రతి సోమవారం పేపర్లో చివరి పేజీ తీసి, చీమల బారులాంటి అక్షరాల మీద భూతద్దం పెట్టుకుని డెన్మార్కు స్కోర్లు వెతికేవారు. అక్కడి ఒకే ఒక్క క్లబ్బు ఆయనకి కావాలి. గెలిస్తే ఆంటీకి ఆ రోజు వంట పని తప్పేది. ఓడితే మేమిద్దరం నోరెత్తేవాళ్లం కాదు.

కాకినాడ ఫిట్టరుకి డెన్మార్కు క్లబ్బుతో ఏం సంబంధమని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కుర్రతనంలో ఓడలో ఇంజను పనికి కుదిరి వెళ్తుంటే, దారిలో అక్కడి ఒక రేవు పట్నంలో విపరీతమైన కడుపునొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరారట. ఆపరేషనయ్యి కళ్లు తెరిచేసరికి ఓడ వెళ్లిపోయింది. ఆ ఊళ్లోనే ఓడలు కట్టే యార్డులో పని దొరికింది. ఒక ముసలాయన ఇంట్లో గది దొరికింది. ఏడేళ్లు అక్కడే ఉండిపోయి, తర్వాత పెళ్లి చేసుకుని సిడ్నీ వచ్చారు.

ఆ ముసలాయన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం చూసుకునేవాడు. క్లబ్బు పెట్టిన మొదటి జట్టులో తనూ ఒకడు. అప్పట్లో ఆ మైదానం ఒక రైతు ఆవులు మేపుకునే చోటట. ఆటకి ముందు పదకొండుమందీ పారలు పట్టుకుని పేడ ఎత్తిపోసేవారు. చొక్కాలు ఎవరింట్లో వాళ్లు రంగు అద్దుకునేవారు కాబట్టి ఏ ఇద్దరిదీ ఒకే ఎరుపు కాదు. ఇప్పుడది జీతాలిచ్చి ఆడించే పెద్ద క్లబ్బు, టీవీలో కూడా వస్తుంది. మా అంకుల్ దృష్టిలో మాత్రం అది పారలు పట్టుకున్న పదకొండుమంది మనుషులు.

ముసలాయన దగ్గర క్లబ్బు రిజిస్టర్లు ఉండేవి. మొదలెట్టిన నాటి నుంచి ఆడిన ప్రతి ఆటా వాటిలో ఉంది: తేదీ, అవతలి జట్టు, స్కోరు, మనవాళ్ల పదకొండు పేర్లు, వాతావరణం మీద ఒక ముక్క. కుర్రాడికి భాష రావాలని సాయంత్రాలు ఆయన వాటిని పైకి చదివేవాడు. ఈయన విని రాసుకునేవారు. డేనిష్ స్పెల్లింగు అప్పటికింకా రాదు కాబట్టి చెవిన పడ్డది పడ్డట్టు తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు. అలా అయిదు నోటుబుక్కులు నిండాయి. "నేను పోయాక వీళ్లని మర్చిపోనివ్వకు" అని ముసలాయన ఒకసారి అడిగాడట, ఈయన సరేనన్నారట.

ఆ నోటుబుక్కులు నేను మొదటిసారి చూసింది రెండువేల సంవత్సరం చలికాలంలో. జనవరి ఒకటిన ప్రపంచం ములిగిపోలేదు. మేం పనిచేసిన బ్యాంకులో ఒక్క తప్పూ దొర్లలేదని మేనేజరు కేకు కోసి, మమ్మల్నందర్నీ చప్పట్లతో పొగిడాడు. నేను కాలర్ ఎగరేసుకు తిరుగుతున్న రోజులవి. ఒక శనివారం అంకుల్ నా గది తలుపు కొట్టి, చేతిలో ఒక ఉత్తరం పెట్టారు. క్లబ్బు సెక్రటరీ రాశాడు. స్టేడియం తిరగకట్టేటప్పుడు నేలమాళిగలోకి నీళ్లు చేరి పాత రిజిస్టర్లన్నీ ముద్దయిపోయాయి. క్లబ్బు చరిత్ర పుస్తకంగా వేస్తున్నారు. తొలి రోజుల కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే నెలలోపు పంపమని పాత సభ్యులందరికీ రాసిన ఉత్తరం అది. నెల దాటితే పుస్తకం ప్రెస్సుకి వెళ్లిపోతుంది, ఆ మొదటి ఏళ్లు లేకుండానే.

అంకుల్‌కి అప్పటికే రెండు కళ్లలోనూ శుక్లాలు. "నువ్వు చదువు, నేను చెప్తా, నువ్వు కంప్యూటర్లో కొట్టు" అన్నారు.

ఆ నెలలో నాలుగు శనివారాలు, నాలుగు ఆదివారాలు వాళ్ల వంటింటి బల్ల దగ్గరే గడిచాయి. నేను అర్థం తెలియకుండా తెలుగు అక్షరాలు చదివేవాడిని. ఆయన విని, పలుకు సరిచేసి, అక్కడి స్పెల్లింగు ఒక్కో అక్షరం చెప్పేవారు. "అలా గట్టిగా కాదు అబ్బాయ్. నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకున్నట్టు మాట్లాడాలి" అనేవారు. పొయ్యి దగ్గర ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. వాతావరణం ముక్కలు మాత్రం ఆయన అప్పుడే తెలుగులోకి మార్చి రాసుకున్నారు. "గాలి. బంతి సముద్రంలో పడింది. అందరూ వెతికారు." "మంచు. గోల్‌కీపరు ఎడమ చేతికి కట్టు." చదువుతుంటే నాకు తెలియకుండానే గొంతు తగ్గిపోయేది. తొంభై ఏళ్ల కిందట ఏ మూలనో ఈదురుగాలిలో బంతి తన్నిన మనుషులు, ఈ భూమ్మీద ఇంకెక్కడా మిగలకుండా, టూంగాబీలో మన గుణింతాల్లో బతికి ఉన్నారు. 

ఒక ఆట దగ్గర పేర్లు పదే వచ్చాయి. ఒక పేరు రాయడం మర్చిపోయినట్టున్నారని అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "మర్చిపోలేదు. ఆ వారం వాళ్లలో ఒకడు చేపల పడవలో వెళ్లి తిరిగి రాలేదు. ఆ చోటులో ఇంకొకణ్ణి పెట్టలేక పదిమందే ఆడారు." గెలిచారా అని అడిగాను. చిత్తుగా ఓడిపోయారట. ఆ రోజు ఇంక చదవలేకపోయాం.

అంకుల్‌కి ఒక అలవాటుంది. తాళం వేశాక లాగి చూస్తారు, కుళాయి కట్టేశాక అరచెయ్యి కింద పెడతారు. నట్టు బిగించాక ఒకసారి చేత్తో తడమాలి, కళ్లని నమ్మకూడదు అనేవారు. నాకు ఆ మాట కొన్ని వందలసార్లు చెప్పి ఉంటారు. నాలుగో ఆదివారానికి పని ముగిసింది. ఎన్ని ఆటలున్నాయో నోటుబుక్కులతో సరిచూశాను, లెక్క కుదిరింది. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా, శుక్రవారం ఆఫీసు నుంచి ఈమెయిల్లో పంపేసి, వస్తూ వస్తూ మనవాళ్ల కొట్లుండే హారిస్ పార్కులో దిగి అరకేజీ జిలేబీ తెచ్చాను.

సోమవారం సెక్రటరీ జవాబు వచ్చింది. మర్యాదగానే రాశాడు. కాని మీరు పంపిన జాబితాలో సగం ఆటలు ఇంకా జరగలేదు, మొట్టమొదటి ఆట రాబోయే ఏళ్లలో ఉంది, పైగా అసలు ప్రతి ఇండియా అక్షరాల్లో ఉందంటున్నారు, దీన్ని నమ్మవచ్చా అని మా కమిటీకి సందేహంగా ఉంది, ఆ భాగం వదిలేయాలనుకుంటున్నాం అన్నాడు.

వెంటనే జాబితా తెరిచి చూశాను, తప్పు నాదే. రిజిస్టర్లో ఏళ్లన్నీ రెండేసి అంకెల్లోనే ఉండేవి, ఆయనా అలాగే రాసుకున్నారు. మూడేళ్లుగా బ్యాంకు ప్రోగ్రాముల్లో నేను చేసిందల్లా ఒక్కటే: రెండంకెల ఏడాది యాభైకి లోపుంటే ముందు ఇరవై పెట్టు, లేకపోతే పంతొమ్మిది పెట్టు. చెయ్యి అలవాటయిపోయి ఇక్కడా అదే పెట్టేశాను. పన్నెండు అన్న ఏడాది పంతొమ్మిదివందల పన్నెండు కావలసింది, రెండువేల పన్నెండు అయింది. ప్రపంచాన్ని తేదీల తప్పు నుంచి కాపాడి కేకు తిన్నవాణ్ణి, ఒక ఊరి క్లబ్బుని తీసుకెళ్లి భవిష్యత్తులో పారేశాను.

ఆ సాయంత్రం ఆయన ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎప్పుడూ కోప్పడని మనిషి నా మీద కోప్పడ్డారు. "ఒకసారి తడిమి చూడలేకపోయావా? ఆ ముసలాయనకి మాటిచ్చాను నేను" అన్నారు.  తప్పు దిద్దడం పది నిమిషాల పనేనని నేను గొణిగాను. తేదీలు దిద్దితే మాత్రం నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందని ఆయన అన్నారు. అయితే సెక్రటరీతో మీరే మాట్లాడండి అన్నాను.

మర్నాడు సాయంత్రం ఆరింటికి, డెన్మార్కులో పొద్దు బాగా ఎక్కాక, హారిస్ పార్కు కొట్లో కొన్న ఫోను కార్డుతో సెక్రటరీకి కలిపాను. అంకుల్ స్వెట్టరు సర్దుకుని, ఫోనందుకుని లేచి నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు. డేనిష్ మొదలెట్టారు.

నేను అంతవరకు ఆయన నోట ఆ భాష పేర్లుగానే విన్నాను, మాటగా వినలేదు. ముందు తడబడ్డారు, తర్వాత ధారగా వచ్చింది. వీపు నిటారయింది. గొంతు ముప్పై ఏళ్లు చిన్నదయింది. నోటుబుక్కులు బల్ల మీద మూసే ఉన్నాయి. తర్వాత ఆయనే చెప్పారు, ఏమడిగాడో. సెక్రటరీ దగ్గర తడవకుండా మిగిలిన పాత ఫోటో ఒకటి ఉందట. వెనక తేదీ ఉంది, పేర్లు సగం చెరిగిపోయాయి. ఆ తేదీన ఎవరెవరు ఆడారో చెప్పండి అన్నాడు. ఈయన పదకొండు పేర్లూ గోల్‌కీపరు దగ్గర్నుంచి మొదలెట్టి, ఎవరు ఎక్కడ నిలబడేవారో సహా అప్పజెప్పారు. ఆపైన, "ఆ రోజు మంచు పడింది. గోల్‌కీపరు ఎడమ చేతికి కట్టు ఉంటుంది, చూడండి" అన్నారు.

అవతల సెక్రటరీ ఫోటో చూసుకుంటున్నాడు. వంటింటి గుమ్మంలో ఆంటీ చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "ఇన్నేళ్ల కాపురంలో ఈ గొంతు నేనెప్పుడూ వినలేదు బాబూ" అన్నారు మెల్లగా.  నాలుగు శనివారాలు, నాలుగు ఆదివారాలు నేనాయనకి కళ్లనయ్యానని మురిసిపోయాను కదా, ఆయనకి నా కళ్లతో అవసరమే లేదు. అంతా కంఠతా వచ్చు. మరి నన్నెందుకు చదవమన్నారు? ఒకరైనా ఆ పేర్లు పైకి చదివితే వినాలని ఉండి ఉంటుంది.

ఫోను పెట్టేసి ఆయన కుర్చీలో కూలబడ్డారు. "కట్టు ఉందట" అన్నారు. అంతే.

దిద్దిన జాబితా ఆ రాత్రే పంపాను, ఈసారి ఒక్కో పేజీ తడిమి చూసి. పుస్తకం అచ్చయ్యి వచ్చింది. తన పేరు వద్దని, తనకి చదివి వినిపించిన ముసలాయన పేరే వెయ్యమని అంకుల్ గట్టిగా చెప్పారు, అలాగే వేశారు. జనాజా రోజున ఆయన్ని సాగనంపడానికి వచ్చిన టూంగాబీ అంకుల్స్, ఆంటీలు బల్ల మీదున్న ఆ లావు పుస్తకం తిరగేసి, ఇదేం భాషని అడిగారు. డేనిష్ అని మాత్రం చెప్పాను, మిగతాదంతా ఇప్పుడిలా రాస్తున్నాను.

ఒక్కటి మిగిలింది. పుస్తకం వచ్చిన శనివారం మధ్యాహ్నం పెరట్లో ఎండలో కూర్చున్నాం. నేను సిగ్గుపడుతూ ఆ తప్పు జాబితా కాగితాలు చింపబోతుంటే, ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఒకసారి చదవమన్నారు. ఏది, తప్పుదా అన్నాను. అదే అన్నారు. చదివాను. రెండువేల పన్నెండు, వసంతకాలంలో ఒక ఆదివారం, పక్క ఊరి జట్టుతో. పదకొండు పేర్లు చదివాను. ఆయన కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నారు, ఒక్కో పేరుకీ తల కొంచెం పక్కకి తిరుగుతోంది, ఎవరో వరసగా ముందునుంచి నడిచి వెళ్తున్నట్టు. స్కోరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తారు.

"అది చదవకు అబ్బాయ్. వాళ్లింకా ఆడలేదుగా."

నేను ఆ గడి మీద బొటనవేలు పెట్టి మూసి, తర్వాతి ఆట చదివాను.